కారు వెనుక చక్రముల బ్రేకు షూలు: ఇంటియొద్ద మార్చుకొను విధానము

నాగలి కఱ్ఱు అరిగినచో దున్నకము చెడును. చెడిన దున్నకమును ఇరుసాలు దున్ని సరిచేసికొనవచ్చును. కారు బ్రేకు అరిగినచో, దానిని సరిచేయుటకు రెండవ సాలు దొరకదు. కావున బ్రేకులనుగూర్చి రైతు సోదరులు తెలిసికొనవలసినదెల్ల, ప్రమాదము జరుగక పూర్వమే తెలిసికొనవలయును.

మాచారెడ్డి ప్రాంతమున ఎద్దులబండి నిలిచిన కొట్టములందు నేడు అనేక గృహములలో చిన్న కారు నిలిచియున్నది. పిల్లలను బడికిని, రోగిని కామారెడ్డి దవాఖానకును కొనిపోవుటకు మాత్రమే కాక, విత్తనపు సంచులు, ఎఱువు బస్తాలు, మోటారు పంపులు, కూరగాయల గంపలు మోయుటకును దానినే వాడుచున్నారు. అది తిరుగు బాటలు సామాన్యమైనవి కావు. ఒకవైపున కామారెడ్డినుండి సిరిసిల్లకు పోవు బాట. అది దాటి కామారెడ్డి చేరినంతనే అతివేగముగా లారీలు పోవు 44వ నంబరు జాతీయ రహదారి. మఱియొకవైపున చెఱువుకట్టలు, పొలముగట్లు, బురద దారులు. కోతల కాలమున తారు రోడ్లమీద సగము వెడల్పున వడ్లును, మక్కలును ఆరబోయుదురు. ఇట్టి బాటలమీద కారును నడపువానికి బ్రేకు ఎంత ముఖ్యమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట గేదె కనబడి కాలు బ్రేకుమీదికి పోవుటకే ఒక సెకను పట్టును. తరువాత, మంచి బ్రేకులుండి రోడ్డు పొడిగా నున్నప్పుడు, నిలుచుటకు సుమారు 23 మీటర్లు కావలయును. మొత్తము 40 మీటర్లు. అదే కారు 30 కిలోమీటర్ల వేగమున నున్నచో, 14 మీటర్లలో నిలుచును. వేగము రెండింతలైన, ఆపవలసిన శక్తి నాలుగింతలగుట దీనికి కారణము. ఇక రోడ్డుమీద ధాన్యపు గింజలుండి చక్రముల పట్టు సగమైనచో, 60 కిలోమీటర్ల వేగమున నున్న కారు నిలుచుటకు 60 మీటర్లకు పైగా కావలయును. బ్రేకులే అరిగియున్నచో ఎన్ని మీటర్లు కావలయునో ఎవరును చెప్పజాలరు.

ముందు చక్రముల బ్రేకులు త్వరగా అరుగును. అందుచేత వాటిని జనులు చూచుచునే యుందురు. వెనుక చక్రముల షూలు మెల్లగా అరుగును, డ్రమ్ములో దాగియుండును, అందుచేత మఱచిపోవుదురు. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. షూలు విప్పి క్రొత్తవి పెట్టుట పనిలో సగము మాత్రమే. అవి ఏల అరిగినవో కనుగొనుట, రెండు ప్రక్కలను సమముగా సరిపెట్టుట, రోడ్డెక్కుటకు ముందు పరీక్షించుట అనునవి తక్కిన సగము. మొదటి సగము చేసి రెండవ సగము విడిచినవాడు ఆ పనికి పూనుకొనకుండుటయే మేలు.

బ్రేకు పనిచేయు రీతి

పొలములలో క్రొత్త పనిముట్టును చూపునప్పుడు రైతులకు నేను మొదట చెప్పు మాట యిది: యంత్రమును విప్పుటకు ముందు అది ఎట్లు పనిచేయునో తెలిసికొనుడు. బ్రేకు విషయమునను ఇదియే క్రమము.

డ్రమ్ము అనగా చక్రముతో కూడ తిరుగు పోత ఇనుప గుండిగ. దాని లోపల, తిరుగని ఇనుప పళ్లెమొకటి బిగింపబడి యుండును. ఆ పళ్లెముమీద అర్ధచంద్రాకారమున రెండు షూలు నిలిచియుండును. షూ వెలుపలి అంచున అంటించిన గట్టి పదార్థమునే మనవారు లైనరు అందురు. కుమ్మరి కుండ లోపలినుండి చేతితో ఒత్తినట్లు, బ్రేకు త్రొక్కినపుడు ఈ రెండు షూలు విచ్చుకొని డ్రమ్మును లోపలినుండి ఒత్తును. ఆ ఒరపిడిచే చక్రము నిలుచును. పోవుచున్న కారు శక్తి వేడిగా మారి డ్రమ్ము గుండ గాలిలోనికి పోవును.

ఫ్రాన్సుదేశపు లూయీ రెనో 1902వ సంవత్సరమున ఈ విధమగు డ్రమ్ము బ్రేకును వాడుకలోనికి తెచ్చెను. ఆ దినములలో షూలను కడ్డీలచేతను, తీగలచేతను లాగెడివారు. తీగ ఒకవైపు సాగినచో కారు ఒకవైపునకే లాగుచుండెను. 1920ల నుండి తీగలకు బదులు ద్రవముచే ఒత్తు పద్ధతి వ్యాపించినది. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా పోవునని పాస్కలు అను పండితుడు 17వ శతాబ్దముననే కనుగొనెను. ఆ సూత్రము వలననే మన పాదపు ఒత్తిడి నాలుగు చక్రములకును చేరుచున్నది. డ్రమ్ములో షూల తలల మధ్యనున్న చిన్న సిలిండరు ఆ ఒత్తిడిని గ్రహించి షూలను విచ్చును.

హ్యాండు బ్రేకు మాత్రము నేటికిని అనేక చిన్న కార్లలో తీగతోనే పనిచేయును. ఆ తీగ వెనుక షూలనే లాగును. అనగా వెనుక షూలు అరిగినచో కాలి బ్రేకు బలము తగ్గుటయే గాక, ఏటవాలున నిలిపిన కారు దానంతట అది జారిపోవు భయము కూడ కలదు.

రెండు షూలలో కారు ముందువైపున నున్నదానిని, కారు ముందునకు పోవునపుడు తిరుగు డ్రమ్మే లోనికి లాగికొనును. అందుచేత అది ఎక్కువ పనిచేయును, ఎక్కువ అరుగును. వెనుకవైపు షూ తక్కువగ అరుగును. కొన్ని కార్లలో ఈ రెండు షూల లైనర్ల పొడవులును వేఱుగా నుండును. కావున ఏది ఎటు ఉన్నదో గుర్తుంచుకొనక విప్పరాదు.

అరిగిన గుర్తులు

హ్యాండు బ్రేకును మునుపటికంటె ఎక్కువ పండ్లు పైకి లాగవలసివచ్చుట మొదటి గుర్తు. బ్రేకు పెడలు క్రిందికి దిగిపోయి, రెండుమూడు మాఱులు త్రొక్కిననే పట్టుట రెండవది. వెనుకనుండి ఇనుము గీచుకొన్నట్టి చప్పుడు, బ్రేకు వేసినపుడు కారు ఒకవైపునకు లాగుట, ప్రయాణము పిమ్మట ఒక వెనుక చక్రము మాత్రము వేడెక్కుట, చక్రము లోపలివైపున తడి కనబడుట, ఇవి తక్కినవి. చాల కార్లలో పళ్లెము వెనుక చిన్న రబ్బరు బిరడా యుండును. దానిని తీసి టార్చిలైటుతో చూచినచో లైనరు ఎంత మిగిలినదో తెలియును. లైనరు మందము 1.5 మిల్లీమీటర్లకు దిగినచో ఇక జాగు చేయరాదు. అంతకంటె ముందే మార్చవలెనని కారు పుస్తకము చెప్పినచో, ఆ మాటయే ప్రమాణము.

ఇచ్చట ఒక చెడు అలవాటునుగూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. హ్యాండు బ్రేకు పట్టనపుడు అనేకులు షూలను చూడక, తీగను మాత్రము బిగించి తృప్తిపడుదురు. ఇట్లు చేసిన లివరు పైకి గట్టిగా తోచును గాని, లోపల షూలు అరిగియే యుండును. అంతేకాక కొన్ని కార్లలో తీగ బిగియుటచే, షూలను తానంతట సరిపెట్టు ఏర్పాటు పనిచేయుట మానును. ఇదే విధముగ డబ్బాలో బ్రేకు ఆయిలు తగ్గినదని కారణము చూడక పోయుట కూడ అరుగుదలను కప్పిపుచ్చుటయే. ఆయిలు తగ్గుటకు రెండే కారణములు: లైనర్లు అరుగుట, లేదా ఎక్కడనో కారుట. రెండును చూడవలసినవే.

ఎవరు చేయవచ్చును, ఎవరు చేయరాదు

పంపుసెట్టు విప్పి బిగింపగల నేర్పు, ఒక పూట తీరిక, ఓపిక ఉన్నవాడు ఈ పని చేయవచ్చును. మొదటిమాఱు పని తెలిసినవారిని ప్రక్కన నుంచుకొనుట మేలు. అయితే సిలిండరునుండి ఆయిలు కారుచున్నపుడు, పెడలు స్పాంజివలె మెత్తగా నున్నపుడు, డ్రమ్ము పగిలినపుడు, డ్యాషుబోర్డుమీద బ్రేకు దీపము గాని ఏ.బీ.ఎస్. దీపము గాని వెలుగుచున్నపుడు కారును మెకానిక్కునకు అప్పగింపవలయును. అట్టి కారును నడుపుకొని పోరాదు. లారీమీద ఎక్కించి పంపుట, లేదా మెకానిక్కునే ఇంటికి పిలుచుట యుక్తము.

కావలసిన వస్తువులు

జాకీ ఒకటి, బరువు మోయు ఇనుప స్టాండ్లు రెండు, చక్రముల క్రింద అడ్డు పెట్టుటకు కఱ్ఱ మొద్దులు, చక్రపు పానా, సుత్తి, కటింగు ప్లయరు, పొడవైన స్క్రూడ్రైవరు, స్ప్రింగులు లాగు కొక్కెము, ఇత్తడి లేక ఇనుప తీగల బ్రష్షు, బ్రేకులకు తగిన వేడికి కరుగని గ్రీజు, బ్రేకు క్లీనరు, ముక్కు నోరు కప్పు మంచి మాస్కు, కంటి అద్దములు, పాత గుడ్డలు. వీలైనచో బిగింపు కొలత చూపు టార్కు పానా కూడ.

షూలు కొనునపుడు కారు పేరు, తయారైన సంవత్సరము చెప్పి సరియైన సెట్టునే కొనవలయును. సెట్టు అనగా రెండు చక్రములకు నాలుగు షూలు. ఒక ప్రక్క మాత్రము క్రొత్తవి వేసినచో, ఆ ప్రక్క పట్టు వేఱై బ్రేకు వేసినపుడు కారు ప్రక్కకు లాగును. 1983 డిసెంబరున అమ్మకమునకు వచ్చి 2014 వఱకు తయారైన మారుతీ 800 మొదలుకొని నేటి ఆల్టో వఱకు మన పల్లెలలో తిరుగు చిన్న కార్లలో వెనుక బ్రేకులు డ్రమ్ము బ్రేకులే. అయినను ఒకదాని షూ మఱియొకదానికి చూపునకు సరిపోయినట్లు తోచినను వాడరాదు. స్ప్రింగులు సాగియున్నను, తుప్పు పట్టియున్నను వాటిని కూడ మార్చవలయును.

పని క్రమము

1. కారును గట్టిగా, సమముగా నున్న నేలమీద నిలుపవలయును. పొలములోను, కళ్లములోని మెత్తని మట్టిమీదను ఈ పని చేయరాదు. మొదటి గేరులో నుంచి, ముందు చక్రములకు ముందువెనుకల మొద్దులు పెట్టవలయును. హ్యాండు బ్రేకు దింపవలయును; లేనిచో డ్రమ్ము ఊడదు.

2. చక్రము నేలమీద నుండగనే దాని నట్లను కొంచెము వదులు చేయవలయును. పిమ్మట పుస్తకమున చూపిన చోటనే జాకీ పెట్టి ఎత్తి, స్టాండుమీద దింపవలయును. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్లు పేర్చి వాటిమీద కారును నిలుపువారు తమ ప్రాణములను పణముగా పెట్టినవారే. బరువుక్రింద అవి ఒక్కసారిగా పగులును. ఊడదీసిన చక్రమును కారు క్రింద పడుకోబెట్టినచో అది మఱియొక రక్షణ. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

3. డ్రమ్మును ఊడదీయుట ఒక్కొక్క కారున ఒక్కొక్క విధము. కొన్నిటిలో డ్రమ్ము తేలికగా బయటికి వచ్చును. కొన్నిటిలో డ్రమ్మును చక్రపు బేరింగును ఒకే ముక్కగా నుండి, నడుమ పెద్ద నట్టుచే బిగింపబడి యుండును. ఆ నట్టును మరల బిగించుటకు పుస్తకమున చెప్పిన కొలత తప్పక కావలయును. అంచు నొక్కి బిగించు రకపు నట్టైనచో క్రొత్తదే వేయవలయును. ఆ కొలత గాని, టార్కు పానా గాని లేనివారు ఈ రకపు డ్రమ్మును ముట్టరాదు. డ్రమ్ము పట్టుకొనిపోయినచో సుత్తితో చుట్టును మెల్లగా తట్టవలయును. అనేక డ్రమ్ములమీద మరచుట్టు గల రెండు రంధ్రములుండును; వాటిలో తగిన బోల్టులను సమముగా బిగించుచు వచ్చినచో డ్రమ్ము దానంతట వెలికివచ్చును. అప్పటికిని రానిచో, లోపల అరుగుదలచే ఏర్పడిన అంచునకు షూలు తగులుకొన్నవని తెలిసికొని, వెనుకనున్న రంధ్రము గుండ అడ్జస్టరును వెనుకకు త్రిప్పవలయును. డ్రమ్ముమీద బలముగా మోదినచో పోత ఇనుము పగులును. ఏ.బీ.ఎస్. గల కార్లలో చక్రముదగ్గఱనున్న సన్నని తీగ తెగకుండ చూచుకొనవలయును.

4. డ్రమ్ము ఊడినంతనే లోపల నల్లని దుమ్ము కనబడును. దానిని నోటితో ఊదుట గాని, గాలిపంపుతో కొట్టుట గాని ఎన్నడును చేయరాదు. పూర్వపు లైనర్లలో ఆస్బెస్టాసు అను నారరాయి కలిసియుండెడిది. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల తరబడి నిలిచి, మాన్పరాని రోగములను, క్యాన్సరును కలిగించును. ఇప్పుడు అది లేని లైనర్లు దొరుకుచున్నను, కన్నుతో చూచి ఏది యేదో చెప్పుట సాధ్యము కాదు. కావున మాస్కు ధరించి, క్లీనరుతో గాని నీటితో గాని తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పాఱవేయవలయును.

5. ఒక ప్రక్క పని ముగియునంతవఱకు రెండవ ప్రక్క డ్రమ్మును విప్పరాదు. మొదటి ప్రక్క విప్పకముందు సెల్‌ఫోనుతో నాలుగైదు ఫొటోలు తీసికొనవలయును. ఏ స్ప్రింగు ఏ రంధ్రమున తగిలియున్నదో, పొడవుకొన ఎటున్నదో అందులో తెలియవలయును. సందేహము మిగిలినచో, విప్పిన ప్రక్కను మరల బిగించిన పిమ్మటనే రెండవ ప్రక్కను విప్పి సరిచూడవలయును. ఒక ప్రక్క మఱియొక ప్రక్కకు అద్దములోని ప్రతిబింబము వలె నుండును.

6. విప్పుటకు ముందు సిలిండరును పరీక్షింపవలయును. దాని రెండు కొనల రబ్బరు టోపీల అంచును మెల్లగా ఎత్తి చూచినచో లోపల పొడిగా నుండవలయును. తడి కారుచున్నచో పని అక్కడనే ఆపవలయును. సిలిండరు మార్చనిది క్రొత్త షూలు వేసిన అవియు తడిసి వ్యర్థమగును. బ్రేకు ఆయిలు గాని, ఇరుసు గ్రీజు గాని త్రాగిన లైనరును కడిగినను, పెట్రోలు పోసినను బాగుపడదు, పాఱవేయవలసినదే.

7. ఇక షూలు విప్పుట. ప్రతి షూ నడుమను ఒక పిన్ను, దానిమీద చిన్న స్ప్రింగు, గిన్నెవంటి మూత యుండును. పళ్లెము వెనుకనుండి పిన్నును వ్రేలితో పట్టి, ముందునుండి ప్లయరుతో మూతను నొక్కి పావు వంతు త్రిప్పినచో అది ఊడును. పిమ్మట షూల క్రింది కొనలను ఆనుబిళ్ల నుండి తప్పించి, లాగు స్ప్రింగులను విడదీయవలయును. స్ప్రింగు జారినచో కంటికి తగులును. కావున అద్దములు లేక ఈ పని చేయరాదు. వెనుక షూకు తగిలియున్న హ్యాండు బ్రేకు లివరును దాని కొక్కెపు బిళ్ల తీసి విడదీయవలయును. షూలు లేనపుడు ఎవరును బ్రేకు పెడలు త్రొక్కరాదు. సిలిండరు పిస్టన్లు వెలికి దూకును. ఒక దారము గాని, రబ్బరు గాని సిలిండరు చుట్టు బిగించియుంచుట మంచిది.

8. పళ్లెమును బాగుగా తుడిచినచో షూలు ఆనుకొని జరుగు మిట్టలు కనబడును. వాటిమీద గోకి శుభ్రముచేసి, బ్రేకు గ్రీజును పలుచగా, పప్పుగింజంత మాత్రము రాయవలయును. అడ్జస్టరు మరను తుడిచి, వ్రేళ్లతో సులభముగ తిరుగుచున్నదో లేదో చూడవలయును. ఎడమ అడ్జస్టరు మరయు కుడి అడ్జస్టరు మరయు అనేక కార్లలో ఒకదానికొకటి విరుద్ధముగ తిరుగును. అవి మాఱినచో పట్టు బిగియుటకు బదులు వదులగును.

9. క్రొత్త షూలను విప్పిన క్రమమునకు సరిగా తలక్రిందుల క్రమమున పెట్టవలయును. మొదట హ్యాండు బ్రేకు లివరును క్రొత్త వెనుక షూకు తగిలించి, పిమ్మట అడ్జస్టరును, పై స్ప్రింగును, ముందు షూను, చివరకు క్రింది స్ప్రింగును బిగింపవలయును. చేతికి గ్రీజున్నచో లైనరును తాకరాదు. అన్నియు కుదిరిన పిమ్మట రెండు షూలు పళ్లెము నడుమ సమముగా నిలిచినవో, స్ప్రింగుల కొనలన్నియు రంధ్రములలో పూర్తిగా దిగినవో, ఫొటోతో సరిచూడవలయును. పని ముగిసిన పిమ్మట ఒక ముక్కైనను మిగిలినచో పని ముగియలేదనియే యర్థము.

డ్రమ్ము పరీక్ష

డ్రమ్ము లోపలి ముఖము అద్దమువలె నున్నగా నుండవలయును. గోరు తగులునంత లోతు గాళ్లు, పగుళ్లు, వేడిచే ఏర్పడిన నీలిమచ్చలు ఉన్నచో దానిని వాడరాదు. స్వల్పమైన గీతలను లేతుపట్టి సమము చేయవచ్చును. అయితే ఎంతవఱకు కోయవచ్చునో ఆ గరిష్ఠ కొలత డ్రమ్ముమీదనే పోతలో ముద్రింపబడి యుండును. అది మించినచో డ్రమ్ము పలుచనై, వేడికి సాగి, పగులును. ఒక ప్రక్క లేతుపట్టినచో రెండవ ప్రక్కను కూడ అంతయే పట్టింపవలయును. లైనరు పూర్తిగా అరిగి ఇనుముతో ఇనుము ఒరసినచో డ్రమ్ము చెడును. షూల సెట్టు ఖర్చును మిగుల్చుకొనబోయి డ్రమ్ములను కూడ కొనుట ఇట్లే జరుగును. క్రొత్త డ్రమ్ము కొన్నచో దానిమీద తుప్పు పట్టకుండ పూసిన నూనెను క్లీనరుతో తుడువక వేయరాదు.

సరిపెట్టుట

అడ్జస్టరును కొంచెము కొంచెముగా త్రిప్పుచు, డ్రమ్మును తొడిగి చూచుచుండవలయును. డ్రమ్ము చేతితో త్రిప్పినపుడు లైనరు సన్నగా తాకు చప్పుడు వినబడి, అయినను స్వేచ్ఛగా తిరుగవలయును. రెండు ప్రక్కలను ఒకే విధముగ నుండునట్లు చేయుట ముఖ్యము. రెండు డ్రమ్ములును తొడిగిన పిమ్మటనే పెడలును పలుమాఱులు పూర్తిగా త్రొక్కవలయును. తానంతట సరిపెట్టుకొను రకమైనచో లోపల టక్కు టక్కుమను చప్పుడు వినబడి, క్రమముగ ఆగును. హ్యాండు బ్రేకు తీగను చివర మాత్రమే సరిచేయవలయును. ఎన్ని పండ్ల వద్ద పట్టవలెనో ఆ కారు పుస్తకమున చూడవలయును. లివరు దింపినపుడు రెండు చక్రములును స్వేచ్ఛగా తిరుగవలయును.

క్రొత్త షూలు మందముగా నుండుటచే పిస్టన్లు వెనుకకు పోయి, డబ్బాలో ఆయిలు పైకి లేచును. అది పొర్లి కారు రంగుమీద పడినచో రంగు ఊడును; వెంటనే నీటితో కడుగవలయును. మనవారు దీనిని ఆయిలు అనుచున్నను ఇది నూనె కాదు. ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, ట్రాక్టరు ఆయిలు చుక్క పడినను లోపలి రబ్బర్లన్నియు ఉబ్బి బ్రేకులు పనిచేయుట మానును. మూతమీద వ్రాసిన రకమే పోయవలయును. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది కావున, మూత తెఱచి చాలనాళ్లు ఉంచిన డబ్బాలోనిది వాడరాదు. సామాన్యముగ రెండేండ్లకొకసారి దానిని మెకానిక్కుచే మార్పించుట యుక్తము.

చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించుచు వచ్చి, కారు నేలమీద దింపిన పిమ్మట తుది బిగింపు ఇవ్వవలయును. 100 కిలోమీటర్లు పోవులోపల మరల ఒకసారి సరిచూడవలయును.

పరీక్ష

ఇంజను ప్రారంభించుటకు ముందు పెడలు ఎత్తుగా, గట్టిగా నిలువవలయును. ఇంజను నడుచునపుడు త్రొక్కి పట్టియుంచినచో మెల్లగా క్రిందికి జాఱిపోరాదు. జాఱినచో కారును కదలింపరాదు. పిమ్మట ఖాళీ స్థలమున నడకవేగమున పోయి బ్రేకు వేయవలయును. ఆ తరువాత 20, 30 కిలోమీటర్ల వేగమున మూడు నాలుగు మాఱులు పరీక్షింపవలయును. కారు తిన్నగా నిలువవలయును. ఏటవాలున హ్యాండు బ్రేకు వేసి, మనిషి లోపలనే కూర్చుండి, కారు జాఱుట లేదని చూడవలయును. కొంతదూరము పోయివచ్చి రెండు వెనుక చక్రముల దగ్గఱ చేయి నుంచి చూచినచో వేడి సమముగా నుండవలయును. ఒకటి మిక్కిలి వేడెక్కినచో అచ్చట షూ పట్టుకొనియున్నదని తెలియును. మొదటి 200 కిలోమీటర్ల వఱకు క్రొత్త లైనరు డ్రమ్ముతో పూర్తిగా కలియదు. అంతవఱకు బరువు వేయక, వేగము తగ్గించి, అవసరము లేనిదే ఒక్కసారిగా బ్రేకు వేయక నడపవలయును.

షూలు చిరకాలము నిలుచుటకు

హ్యాండు బ్రేకు దింపక కారు నడపుటచే లైనరు వ్యర్థముగా అరుగును. నీరు నిండిన కాలువ గాని, మత్తడి దారి గాని దాటిన పిమ్మట, వెనుకముందులు చూచుకొని, మెల్లగా పోవుచు పెడలును తేలికగా రెండుమూడు మాఱులు నొక్కినచో లైనరు ఆరును. వానకాలమున కారును వారములకొలది నిలుపవలసినచో, సమమైన నేలమీద గేరులో నుంచి, చక్రములకు రాళ్లు పెట్టి, హ్యాండు బ్రేకు వేయకుండుట మేలు. లేనిచో షూ తుప్పుతో డ్రమ్మునకు అంటుకొనును. చిన్న కారులో దాని మోతకు మించి బస్తాలు వేయరాదు. నాట్లు ముగిసిన పిమ్మట ఒకసారియు, వరికోతలకు ముందు ఒకసారియు బిరడా తీసి లైనరును చూచు అలవాటు చేసికొనవలయును. పైరు తిరిగి చూచు రైతునకు ఇది పెద్దపని కాదు.

సంఘము చేయదగిన సాయము

మన దేశమున 1904వ సంవత్సరమున మొదటి సహకార చట్టము పుట్టినది అప్పుల కొఱకే. అయినను ఒక్కనికి భారమైనదానిని పదిమంది కలిసి కొనుట సహకారములోని మూలసూత్రము. ఇనుప స్టాండ్లు, మంచి జాకీ, టార్కు పానా, స్ప్రింగు కొక్కెము ఒక్కొక్క గృహమునకు ఏడాదికి ఒకటి రెండు మాఱులే కావలయును. ఇవి లేకపోవుట వలననే సభ్యులు ఇటుకలమీద కారు నిలుపుటకును, నట్లను అంచనాగ బిగించుటకును సాహసించుచున్నారు. ఒక గ్రామమున పదిమంది సభ్యులు చందా వేసికొని ఒక పెట్టె కొని, సంఘపు గిడ్డంగిలో నుంచి, వాడుక పుస్తకమున వ్రాసికొని తీసికొనిపోవు ఏర్పాటు చేసినచో ఖర్చు స్వల్పము, మేలు అధికము. ఇట్లే రోడ్డుమీద ధాన్యము ఆరబోయక, కళ్లములను కూడబలుకుకొని వాడుకొనుట కూడ బ్రేకుల విషయమున సంఘము చేయదగిన సాయమే యగును. ఎంత మంచి బ్రేకైనను గింజలమీద చక్రమును నిలుపలేదు.

మొత్తముమీద సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి అయిదు. స్టాండు లేక కారు క్రింద చేయి పెట్టకుడు. దుమ్మును ఊదకుడు. రెండు ప్రక్కలను ఒకేసారి విప్పకుడు. అయినను రెండు ప్రక్కలను ఒకేనాడు మార్చుడు. తడి కనబడినచో ఆపి మెకానిక్కును పిలువుడు. పెడలు గట్టిగా నిలువనిదే కారును కదలింపకుడు. ఈ అయిదింటిని పాటించువాడు కూలి మిగుల్చుకొనును. బండిలో కూర్చున్నవారిని, బాటమీద నడచువారిని కూడ కాపాడినవాడగును. వీనిలో ఒక్కటైనను తనకు సాధ్యము కాదని తోచినవాడు కూలి యిచ్చి చేయించుకొనుటయే వివేకము. ఆ కూలి నష్టము కాదు.